మన టౌన్‌షిప్ కౌన్సిల్‌లో ఉన్నవాళ్లు ఎవరు, ఏ పని చేసి వచ్చారు?

సోమర్‌సెట్_వాసి:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీ ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో (టౌన్‌షిప్ అంటే ఇక్కడి పట్టణ పంచాయతీ లాంటిది) ఇల్లు కొనుక్కున్నాం. ఇన్నాళ్లూ అపార్ట్‌మెంట్లలో ఉన్నాం కాబట్టి ఊరి వ్యవహారాలు పట్టించుకునే అవసరం రాలేదు. ఇప్పుడు చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో గోదాములు వస్తాయేమోనని పక్కింటివాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు. ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూస్తే గుండె ఆగినంత పనయింది. ఇవన్నీ నిర్ణయించేవాళ్లు ఎవరు? వాళ్లు పూర్తికాలపు రాజకీయ నాయకులా, మనలా ఉద్యోగాలు చేసుకునేవాళ్లా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాత_కాపు:
స్వాగతమండీ. నేను ఈ టౌన్‌షిప్‌లో చాలా కాలంగా ఉంటున్నాను, తెలిసినంతవరకు చెబుతాను.

మనది కౌన్సిల్-మేనేజర్ పద్ధతి. కౌన్సిల్‌లో తొమ్మిది మంది. మేయర్‌నీ మరో ముగ్గురినీ ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది, మిగతా ఐదుగురు ఐదు వార్డుల నుంచి వస్తారు. అందరికీ నాలుగేళ్ల పదవీకాలం. రోజువారీ పాలన మాత్రం వీళ్ల చేతిలో ఉండదు. దానికి జీతమిచ్చి పెట్టుకున్న టౌన్‌షిప్ మేనేజర్ ఉంటారు. చెత్త బండి రాకపోతే మేయర్‌ని తిట్టి లాభం లేదు, మేనేజర్ ఆఫీసుకు ఫోన్ చేయాలి. కౌన్సిల్ పని బడ్జెట్ ఆమోదించడం, ఆర్డినెన్సులు (ఊరి చట్టాలు) చేయడం, మేనేజర్ పని సరిగ్గా సాగుతోందో లేదో చూడటం.

వీళ్లలో ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు. పగలు వేరే ఉద్యోగమో వ్యాపారమో ఉంటుంది, లేదా రిటైరై ఉంటారు. మీటింగులు అందుకే సాయంత్రం పూట పెడతారు.

ఈ ఊరి చరిత్రలో మన తెలుగువాడి పేరు ఒకటుంది. ఉపేంద్ర చివుకుల గారు నెల్లూరులో పుట్టారు. మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1974లో అమెరికా వచ్చి, న్యూయార్క్ సిటీ కాలేజీలో మాస్టర్స్ చేశారు. ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీలో ఉద్యోగం. 1990ల చివర్లో ఫ్రాంక్లిన్ కౌన్సిల్‌కు గెలిచారు. 1998లో డిప్యూటీ మేయర్, 2000లో మేయర్. 2001 నవంబరులో న్యూజెర్సీ అసెంబ్లీకి గెలిచారు. ఆ సభకు ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. తర్వాత డిప్యూటీ స్పీకర్‌గా చేశారు, 2014లో కరెంటు, గ్యాస్, నీటి సంస్థలను నియంత్రించే రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ బోర్డులో కమిషనర్ అయ్యారు. సౌర విద్యుత్తు చట్టాల మీద ఆయన పట్టు అందరికీ తెలిసిందే. ఇంజనీరుగా నేర్చుకున్నది చట్టసభలో అంతగా వాడుకున్నవాళ్లు అరుదు.

ఇక గోదాముల సంగతి. ఏ జోన్‌లో ఏది కట్టుకోవచ్చో రాసే జోనింగ్ ఆర్డినెన్స్ కౌన్సిల్ చేతిలో ఉంది. అప్లికేషన్ వచ్చాక చూసేది ప్లానింగ్ బోర్డు, మినహాయింపు కావాలంటే జోనింగ్ బోర్డు. రూల్స్‌కు అన్నివిధాలా సరిపోయే అప్లికేషన్ వస్తే, ఊరంతా వచ్చి వద్దన్నా కాదనడానికి బోర్డుకు చోటుండదు. మన జనం ఎప్పుడూ ఆఖరి ఘట్టంలోనే వస్తారు. రూల్ రాసేటప్పుడు హాల్లో కుర్చీలు ఖాళీ.

గోదారి_గట్టు:
చివుకుల గారి గురించి చదివితే గర్వంగా ఉందండీ. నేనెప్పుడూ చెప్పేది ఇదే, ప్రతి టౌన్‌షిప్‌లోనూ మనవాడు ఒక్కడైనా ఉండాలి. మనవాడుంటే మన మాట వినపడుతుంది. సంఘాలకు ఇచ్చే చందాలో పదో వంతు స్థానిక అభ్యర్థులకు ఇచ్చినా చాలు.

ఎడిసన్_లక్ష్మి:
గోదారి_గట్టు గారూ, ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. ఎడిసన్‌లో మేం చూసింది చెబుతాను.

2020 జనాభా లెక్కల ప్రకారం ఎడిసన్‌లో 1,07,588 మంది. ఇక్కడ మేయరే గట్టి అధికారి, పాలన ఆయన చేతిలోనే ఉంటుంది. ఏడుగురు కౌన్సిల్ సభ్యులకూ వార్డులు లేవు, అందరూ ఊరంతటి ఓట్లతో గెలవాలి. మన భారతీయ దుకాణాల వీధి ఓక్‌ట్రీ రోడ్డు ఇంత పేరు తెచ్చుకున్న ఎన్నో ఏళ్లకు గానీ భారతీయ మేయర్ రాలేదు. మొదటి ఆసియా మేయర్ జున్ చోయ్, కొరియాలో పుట్టినవాడు, ఎమ్ఐటీలో చదివాడు. 2005లో, పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో, పదవిలో ఉన్న మేయర్‌నే ఓడించి, 34 ఏళ్లకే గెలిచాడు. మనవాళ్లు చాలామంది ఆయన కోసం తిరిగారు. నాలుగేళ్లకు తన పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయాడు. ఆసియా ఓట్లు ఒక్కటే నిలబెట్టవని అప్పుడే తెలిసింది. 2022 జనవరిలో సామ్ జోషీ మేయర్ అయ్యాడు. ఎడిసన్‌లోనే పెరిగిన కుర్రాడు, ముందు కౌన్సిల్‌లో పనిచేసి ఆ తర్వాత మేయర్‌కు నిలబడ్డాడు. ఇటాలియన్, ఐరిష్ కుటుంబాల ఇళ్ల తలుపులు కూడా తట్టాడు కాబట్టే గెలిచాడు.

మనవాడు అని ఓటేస్తే, రేపు ఆయన తప్పు చేసినప్పుడు అడగడానికి మనకే నోరు రాదు. నేను చూసేది బడ్జెట్ మీటింగులో ఆ మనిషి ఏం అడిగాడు, ఎలా ఓటేశాడు అని. ఆ రికార్డులు టౌన్‌షిప్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. 2017 నవంబరు ఎన్నికల ముందు మా ఇళ్లకు పోస్టులో ఒక కార్డు వచ్చింది. ఊరి బళ్ల పాలన చూసే స్కూల్ బోర్డుకు పోటీ చేస్తున్న ఒక చైనీస్ అభ్యర్థి, ఒక భారతీయ మహిళ ఫొటోల మీద దేశం నుంచి పంపేయాలన్న ముద్ర వేసి ఉంది. ఎవరు పంపారో దాని మీద లేదు. ఆ రాత్రి మా అమ్మాయి అడిగింది, మనల్ని కూడా పంపేస్తారా అని. నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఆ ఇద్దరూ గెలిచారు. మన పక్కన నిలబడి ఓటేసినవాళ్లు అన్ని రంగులవాళ్లూ ఉన్నారు. అందుకే మనవాడు అన్న లెక్కతో ఆగిపోకూడదని అంటున్నాను.

వీసా_జీవి:
చదవడానికి బాగుంది కానీ, మాలాంటి హెచ్1బీ వాళ్లకు ఓటే లేదు కదండీ. టాక్స్ కడతాం, పిల్లలు ఇక్కడి బళ్లోనే చదువుతున్నారు. గ్రీన్‌కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలియాలి. మాకు ఈ మీటింగులతో ఏం పని?

పాత_కాపు:
పని ఉందండీ. న్యూజెర్సీలో 1975 నుంచి బహిరంగ సమావేశాల చట్టం ఉంది. దాని ప్రకారం కౌన్సిలూ స్కూల్ బోర్డూ ప్రతి మీటింగులో జనం మాట్లాడటానికి సమయం కేటాయించాలి. మైకు దగ్గర పేరు, ఊరు అడుగుతారు, పాస్‌పోర్టు రంగు అడగరు. టైము కొద్ది నిమిషాలే, ఒక్కో ఊళ్లో ఒక్కో లెక్క.

బోర్డు విచారణల్లో మీ హక్కు ఇంకా గట్టిది. ఒక స్థలంలో కట్టడానికి బోర్డు విచారణ జరగాల్సి వస్తే, సాధారణంగా 200 అడుగుల లోపలున్న ఆస్తుల యజమానులకు విచారణకు కనీసం పది రోజుల ముందు నోటీసు పంపాలి. మీ పేరు మీద ఇల్లుంటే చాలు, ఆ ఉత్తరం మీకూ వస్తుంది. ఆ దూరం దాటి ఉన్నవాళ్లకు మాత్రం రాదు, అందుకే చాలామందికి ముందుగా తెలియదు. విచారణలో కంపెనీ తెచ్చిన ట్రాఫిక్ ఇంజనీరును మీరు నేరుగా ప్రశ్నలు అడగొచ్చు. ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పొచ్చు. ఒక్క జాగ్రత్త, అప్లికేషన్ నడుస్తుండగా బోర్డు సభ్యులకు విడిగా ఈమెయిళ్లు పెట్టకండి. వాళ్లు న్యాయమూర్తుల్లా వ్యవహరించాలి, విచారణలో విన్నదాని మీదే తీర్పు చెప్పాలి.

ఒహాయో_యాదగిరి:
అన్నా, నేను ఒహాయోల ఉంటున్న. మా దగ్గర లెక్క వేరే. టౌన్‌షిప్ అంటే ముగ్గురు ట్రస్టీలు, ఒక ఫిస్కల్ ఆఫీసర్, గంతే. నాలుగేండ్లకోసారి ఎలక్షన్, బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు. రోడ్లు, ఫైర్ స్టేషన్, జోనింగ్, ఆఖరికి శ్మశానాలు కూడ వీళ్లే చూస్తరు.

సిన్సినాటి పక్కన వెస్ట్ చెస్టర్ టౌన్‌షిప్ ఉంది, 60 వేల పైన జనం, చానామంది మనోళ్లు ఉంటరు. 2000 దాక దాని పేరు యూనియన్ టౌన్‌షిప్. ఆ యూనియన్ టౌన్‌షిప్‌ల 1982 నుంచి 84 దాక ట్రస్టీగ చేసిన మనిషి ప్లాస్టిక్ ప్యాకేజింగ్ అమ్ముకునేటోడు. పన్నెండు మంది పిల్లల ఇంట్ల పుట్టిండు, చిన్నప్పుడు వాళ్ల కుటుంబం బార్‌ల పని చేసిండు. పేరు జాన్ బేనర్. 2011ల అమెరికా ప్రతినిధుల సభకు స్పీకర్ అయిండు. మోరీలు, రోడ్ల పంచాయితీ నుంచి మొదలువెట్టి ఆడిదాక పోయిండు.

అదే వెస్ట్ చెస్టర్ బోర్డుల లీ వాంగ్ అని ఒకాయన ట్రస్టీగ చేసిండు. అమెరికా సైన్యంల ఇరవై ఏండ్లు చేసిండు. 2021 మార్చిల, అట్లాంటాల ఆసియా ఆడోళ్ల మీద కాల్పులైన వారం తర్వాత, మీటింగ్ నడుస్తుండగనే లేచి అంగీ పైకెత్తి సైన్యంల ఉన్నప్పుడు ఛాతి మీద అయిన గాట్లు సూపెట్టిండు. అప్పుడాయనకు 69 ఏండ్లు. నువ్వు అమెరికనోని లెక్క కనవడుతలేవు అన్నోళ్లకు అదే జవాబు. ఆ వీడియో సూసి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఊరి మీటింగ్‌ల ఒక మనిషి తన బతుకంతా అట్ల ముందల వెట్టిండు.

విండ్సర్_రావు:
వెస్ట్ విండ్సర్ నుంచి. మా దగ్గర కూడా బ్యాలెట్ మీద పార్టీలు లేవు. షింగ్-ఫూ షువే గారు 2001 నుంచి 2017 దాకా మేయర్. రాష్ట్ర పర్యావరణ శాఖలో ఇంజనీరుగా పనిచేసిన మనిషి కాబట్టి వరద నీరు, మురుగునీటి చర్చ వస్తే ఎవరూ ఆయన్ను బోల్తా కొట్టించలేకపోయేవారు. ఆయన తర్వాత హేమంత్ మరాఠే గారు. ముందు స్కూల్ బోర్డు సభ్యుడు, ఆ బోర్డు అధ్యక్షుడు, తర్వాత కౌన్సిల్, ఆ తర్వాత మేయర్. అందరూ ఈ దారినే వస్తారని కాదు కానీ, మన పిల్లల చదువు దగ్గర మొదలుపెట్టడం సహజంగా కుదిరే దారి.

ప్రాపర్టీ టాక్స్ గురించి అడిగారు. న్యూజెర్సీలో సగటు ఇంటి పన్ను 2024లో పది వేల డాలర్లు దాటింది. రాష్ట్రం మొత్తం మీద చూస్తే అందులో సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. టౌన్‌షిప్‌కు వచ్చేది మూడో వంతుకు కాస్త అటూ ఇటూ, మిగతాది కౌంటీకి (మన జిల్లా లాంటిది). కాబట్టి పన్ను మీద కోపం వస్తే కౌన్సిల్ మీటింగ్ కంటే స్కూల్ బడ్జెట్ మీటింగ్‌కు ముందు వెళ్లాలి.

బాస్కింగ్‌రిడ్జ్_శ్రీ:
నేపథ్యాల మాట వచ్చింది కాబట్టి మా బెర్నార్డ్స్ టౌన్‌షిప్ కథ చెప్పాలి. ఇది ప్రతి ప్రవాసికీ తెలియాల్సిన కథ.

మొహమ్మద్ అలీ చౌధరీ గారు ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ, ఏటీ అండ్ టీలో ఆర్థిక విభాగంలో పెద్ద హోదాలో పనిచేశారు. స్కూల్ బోర్డులో ఉన్నారు, టౌన్‌షిప్ కమిటీలో (మీ కౌన్సిల్ లాంటిదే) ఉన్నారు, 2004లో మేయర్ అయ్యారు. ఊరికి ఇన్నేళ్లు సేవ చేసిన మనిషి. తర్వాత మసీదు కట్టుకోవడానికి అప్లికేషన్ పెడితే ఏమైంది? 39 విచారణలు! దాదాపు నాలుగేళ్లు. పార్కింగ్ స్థలాలు ఎన్ని కావాలన్న లెక్కను చర్చిలకు ఒకలా, మసీదుకు ఒకలా పెట్టారు. 2015 చివర్లో ప్లానింగ్ బోర్డు కుదరదంది. కోర్టుకెళ్లారు, ఫెడరల్ న్యాయశాఖ కూడా టౌన్‌షిప్ మీద కేసు వేసింది. పార్కింగ్ విషయంలో కోర్టు మసీదు పక్షాన నిలిచింది. 2017లో 32.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. పక్కనే బ్రిడ్జ్‌వాటర్‌లో కూడా ఇలాంటి కేసే 2014లో 77.5 లక్షల డాలర్ల దగ్గర తేలింది. ఆ బ్రిడ్జ్‌వాటర్‌లోనే మన వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఇలాంటి రూల్స్ రేపు గుడి విస్తరణకు అడ్డం రావని ఎవరు చెప్పగలరు?

ప్లానింగ్ బోర్డులో మామూలు పౌరులకు కేటాయించిన సీట్లు ఉంటాయి. వాటికి ఎన్నిక లేదు, నియామకమే. ఎవరూ అడగరు కాబట్టి ఎప్పుడూ కనిపించే కొద్దిమందే మళ్లీ మళ్లీ కూర్చుంటారు. నాకు మేయర్ ఎవరన్నదాని కంటే ఆ సీట్లలో ఎవరున్నారన్నదే ముఖ్యం.

గోదారి_గట్టు:
శ్రీ గారూ, ఈ కథ నాకు తెలియదు. అయితే మాజీ మేయర్‌కే దిక్కు లేకపోతే మనం ఎన్నికై మాత్రం ఏం ప్రయోజనం?

బాస్కింగ్‌రిడ్జ్_శ్రీ:
ప్రయోజనం ఉందండీ. ఊరి ఫైళ్లు ఎలా నడుస్తాయో, ఏ కాగితం రికార్డులోకి ఎక్కించాలో ఆయనకు తెలుసు. 39 విచారణలు తట్టుకోగలిగారంటే, ఊరి పాలన లోపలి నుంచి చూసినవాడు కాబట్టే అని నా నమ్మకం. అయినా ఒక్కరు చాలరు. బోర్డులో తలా ఒక రంగం నుంచి మనుషులుండాలి. ఒక సివిల్ ఇంజనీరు, ఒక టీచరు, ఒక లాయరు, ఊళ్లో పుట్టిపెరిగిన ఒక దుకాణదారు.

మాంట్‌గోమరీ_ఉష:
మా మాంట్‌గోమరీ టౌన్‌షిప్‌లో వేరే పద్ధతి. ఐదుగురు కమిటీ సభ్యులు, మూడేళ్ల పదవి. మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకోరు, ప్రతి జనవరిలో మొదటి మీటింగులో కమిటీ తమలో ఒకరిని మేయర్‌గా ఎంచుకుంటుంది. అందుకని మేయర్ పేరు ఏడాదికో రెండేళ్లకో మారుతూ ఉంటుంది.

సదఫ్ జాఫర్ గారు 2019లో ఇక్కడ మేయర్ అయ్యారు. దక్షిణాసియా సాహిత్యం, సంస్కృతి మీద పరిశోధన చేసే ప్రొఫెసర్. 2021లో అసెంబ్లీకి గెలిచారు. 2024లో నీనా సింగ్ గారు మేయర్, న్యూజెర్సీలో ఆ పదవి చేపట్టిన మొదటి సిక్కు మహిళ. ఉర్దూ సాహిత్యం చదివినావిడకు డ్రైనేజీ పైపుల గురించి ఏం తెలుసని అడిగేవాళ్లు ఉంటారు. పైపుల లెక్క చెప్పడానికి టౌన్‌షిప్ ఇంజనీరు ఉంటాడు. కమిటీ సభ్యురాలికి కావాల్సింది ఓపికగా చదవడం, ఎదుటి మనిషి చెప్పేది వినడం.

మన ఆడవాళ్లకు ఇక్కడ చెబుతున్నాను. బతుకమ్మకు, సంక్రాంతి ముగ్గులకు హాలు బుక్ చేసి, ఇన్సూరెన్స్ కాగితాలు తెచ్చి, వందల మందికి భోజనాలు ఏర్పాటు చేస్తాం. ఊరి బడ్జెట్ అంతకంటే కష్టం కాదు. ఒక్కసారి ఆ ఫైలు తెరిచి చూడండి.

మిషిగన్_పద్మజ:
ఉష గారి మాటకు తోడుగా. మా వైపు ట్రాయ్‌లో పద్మా కుప్ప గారున్నారు. వరంగల్ ఆర్‌ఇసిలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. ట్రాయ్ నగర ప్లానింగ్ కమిషన్‌లో పనిచేశారు, 2018లో మిషిగన్ ప్రతినిధుల సభకు గెలిచారు. ట్రాయ్ టౌన్‌షిప్ కాదు, నగరమే, కానీ దారి అదే. ముందు బోర్డు సీటు, తర్వాత ఎన్నిక.

పాత_కాపు:
పార్టీల పేరుతో ఎన్నికలు జరిగే ఊళ్లలో టికెట్ ఎలా వస్తుందో కూడా చెప్పాలి. ఫ్రాంక్లిన్, ఎడిసన్ రెండూ ఆ కోవలోవే. జూన్‌లో ప్రైమరీ, నవంబరులో అసలు ఎన్నిక. చాలా ఊళ్లలో ప్రైమరీ గెలిస్తే పని అయిపోయినట్టే. ఆ ప్రైమరీ వెనక కౌంటీ కమిటీ అని ఒకటి ఉంటుంది. ప్రతి పోలింగ్ ప్రాంతం నుంచి ఒక్కో పార్టీకి మామూలుగా ఇద్దరు సభ్యులు. చాలాచోట్ల ఆ సీట్లకు పోటీయే ఉండదు, కొన్నిచోట్ల ఖాళీగానే పడి ఉంటాయి. కానీ వాళ్ల చేతిలో బలం ఎంతుందో చూడండి. కౌన్సిల్ సభ్యుడు మధ్యలో రాజీనామా చేస్తే, ఆయన పార్టీ స్థానిక కమిటీ మూడు పేర్లు పంపుతుంది, కౌన్సిల్ అందులోంచి ఒకరిని తీసుకుంటుంది. కౌన్సిల్‌లోకి ఇలా మధ్యలో వచ్చి, తర్వాత పదవిలో ఉన్న మనిషిగా ఎన్నికకు నిలబడేవాళ్లు చాలామంది.

ఇంతకుముందు పార్టీ మెచ్చిన అభ్యర్థులందరినీ బ్యాలెట్ మీద ఒకే వరసలో పెట్టేవారు, దాన్ని కౌంటీ లైన్ అనేవాళ్లు. ఆ వరసలో లేనివాడు గెలవడం గగనం. 2024 మార్చిలో ఫెడరల్ కోర్టు డెమోక్రాటిక్ ప్రైమరీకి ఆ లైన్ వాడొద్దంది. కొత్తవాళ్లకు ఇది నిజమైన మార్పు. మన పిల్లలు ఇరవైల్లో ఉన్నవాళ్లు, ఇక్కడ పుట్టినవాళ్లు, కౌంటీ కమిటీకి నిలబడితే ఎంత బాగుంటుందో.

అభ్యర్థుల నేపథ్యం తెలుసుకోవాలంటే ప్రచారపు కరపత్రాలు సరిపోవు. న్యూజెర్సీలో స్థానిక అధికారులు ప్రతి ఏడాదీ తమ ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడ ఆస్తులున్నాయో ప్రకటించాలి. ఆ పత్రాలు ఎవరైనా చూడొచ్చు. చందాలు ఎవరిచ్చారో రాష్ట్ర ఎన్నికల నిధుల సంఘం దగ్గర ఉంటుంది. ఊళ్లో భవనాలు కట్టే కంపెనీలు, టౌన్‌షిప్ కాంట్రాక్టులున్న ఇంజనీరింగ్ సంస్థలు ఎవరికి ఇచ్చాయో అక్కడ చూడండి. ఒక మనిషి ఏ కాలేజీలో చదివాడన్నదాని కంటే నాకు ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది.

కొత్త_ఇల్లు:
ఒక సందేహం. మా టౌన్‌షిప్‌లో పెద్ద అపార్ట్‌మెంట్లకు కౌన్సిల్ ఒప్పుకుంటోందని ఊరంతా మండిపడుతోంది. బడులు నిండిపోతున్నాయి. వద్దని ఎందుకు అనరు?

ఎడిసన్_లక్ష్మి:
మౌంట్ లారెల్ తీర్పు గురించి చదవండి. అదీ ఒక టౌన్‌షిప్ కథే. తరతరాలుగా ఆ ఊళ్లో ఉంటున్న నల్లజాతి కుటుంబాలకు అందుబాటు ధరలో ఇళ్లు కట్టనివ్వలేదు. ఎథెల్ లారెన్స్ అనే మహిళ ముందుండి పోరాడింది. 1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, జోనింగ్ పేరుతో పేదవాళ్లను బయట పెట్టకూడదని. 1983లో ఇంకా గట్టిగా చెప్పింది. అప్పటినుంచి ప్రతి ఊరూ తన వంతు ఇళ్లకు చోటు చూపించాలి. లేకపోతే బిల్డర్లు కోర్టుకెళ్లి, కౌన్సిల్ మాట లేకుండానే కట్టుకునే అవకాశం తెచ్చుకుంటారు. కాబట్టి అసలు కట్టనివ్వనని మాట ఇచ్చే అభ్యర్థి కనిపిస్తే జాగ్రత్త, ఆయనకు చట్టం తెలియకపోవాలి, లేదా తెలిసీ చెప్పకపోవాలి. ఎక్కడ కట్టాలి, రోడ్డు ఎవరు వెయ్యాలి, బస్సు ఎలా అన్నది అడగొచ్చు. ఇంకో మాట. ఆ ఇళ్లలో ఉండబోయేది మన ఆసుపత్రుల్లో ఆయాలు, మన పిల్లల బస్సు డ్రైవర్లు. వాళ్లకు ఊళ్లో చోటు ఉండకూడదని మనం అనకూడదు.

సోమర్‌సెట్_వాసి:
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. మా ఆవిడ సిటిజన్, పిల్లల బడిలో పేరెంట్స్ సంఘంలో చురుగ్గా ఉంటుంది. ఇదంతా చదివి స్కూల్ బోర్డు గురించి అడుగుతోంది. దానికి ఏం కావాలి?

విండ్సర్_రావు:
చాలా సంతోషం! ఆమె ఓటరుగా నమోదై ఉండాలి, ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో కనీసం ఏడాదిగా నివాసం ఉండాలి. బోర్డుతో గానీ డిస్ట్రిక్ట్‌తో గానీ కోర్టు కేసులు, కాంట్రాక్టులు ఉండకూడదు. జీతం లేదు. గెలిచాక నేర చరిత్ర తనిఖీ, శిక్షణ తరగతులు తప్పనిసరి. నామినేషన్ పత్రాలు వేసవిలో, జూలై చివర్లో, కౌంటీ క్లర్కు దగ్గర ఇవ్వాలి. కచ్చితమైన తేదీ, ఎన్ని సంతకాలు కావాలి అన్నది ఆ ఏటి ఫారంలో చూసుకోండి, కావాల్సినదాని కంటే రెట్టింపు సంతకాలు తెచ్చుకోండి, కొన్ని చెల్లకుండా పోతాయి. మీ ఇల్లు కొత్తది కాబట్టి ఏడాది నివాసం లెక్క ముందు చూసుకోండి. ఈలోగా ఆమె ప్రతి నెలా బోర్డు మీటింగులకు వెళ్లి, అజెండా పక్కన తనకు అర్థం కానివి రాసుకుంటే చాలు. రవాణా కాంట్రాక్టులు, ప్రత్యేక విద్య ఖర్చు, ఆరోగ్య బీమా ప్రీమియం, ఈ మూడు అర్థమైతే సగం బడ్జెట్ అర్థమైనట్టే.

మాంట్‌గోమరీ_ఉష:
వాసి గారూ, ఆవిడను ఇక్కడ సభ్యురాలిగా చేరి నాకు సందేశం పెట్టమనండి. సంతకాలకు ఇంటింటికీ తిరిగేటప్పుడు తోడు వస్తాను.